పాత ఫార్చ్యూనరా, చిన్న క్రెటానా? కావలి తమ్ముడికి జవాబు

ముందు ప్రశ్న ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతా వాళ్లకి కూడా పనికొస్తుంది. తమ్ముడిది కావలి, అల్లూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో భార్యాభర్తలు, ఏడేళ్ల పాప, అమ్మా నాయనా, మొత్తం ఐదుగురు. నెలకి పన్నెండు వందల కిలోమీటర్లకి పైగా తిరుగుడు, అందులో చెరువుల దగ్గరికి రోజూ వెళ్లి రావడం ఒకటి, నాయన్ని చూపించడానికి చెన్నై వెళ్లడం ఒకటి. రెండు బండ్లు చూసి పెట్టుకున్నారు. మొదటిది 2013 ఫార్చ్యూనర్, మూడు లీటర్ల డీజిల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగేది), మాన్యువల్ గేరు, రీడింగు 1,72,000, రెండో ఓనరు, చీమకుర్తి క్వారీ వాళ్ల బండి, పదిన్నర లక్షలు అడుగుతున్నారు. రెండోది 2019 క్రెటా, 1.6 డీజిల్ ఎస్ఎక్స్, రీడింగు 68,000, మొదటి ఓనరు, నెల్లూరు బండి, తొమ్మిది లక్షల డెబ్బై ఐదు వేలు అడుగుతున్నారు. "రేటు ఇంచుమించు ఒకటే అయినప్పుడు పెద్ద బండే కొంటే పోలా అన్నా, ఊళ్లో కూడా ఒక విలువ ఉంటుంది" అని అడిగారు.

నా జవాబు: క్రెటా తీసుకోండి. ఫార్చ్యూనర్ చెడ్డ బండి అని కాదు, నిజానికి ఈ రెండింట్లో గట్టి బండి అదే. కాకపోతే మీరు చెప్పిన వాడకానికి, మీ దగ్గరున్న డబ్బుకి అది సరిపోదు. బిల్లులన్నీ చేతిలో పెట్టి, బండి కొన్నాక ఇంకో రెండు లక్షలు విడిగా పెట్టుకోగలిగితే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

నేను నెల్లూరులో గ్యారేజీ నడుపుతాను, అన్ని కంపెనీల బండ్లూ చూస్తాం. పాత బండి కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు మా దగ్గరికి తెచ్చి చూపించుకుని పోతుంటారు. నేను బండ్లు అమ్మను, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోను, అందుకే ఇక్కడ నిష్ఠూరంగా చెప్పగలుగుతున్నా.

ఇప్పుడు అసలు విషయం. పాత పెద్ద బండి దగ్గర అందరూ ఒక్క చోటే బోల్తా పడతారు. బండి ధర పడిపోతుంది గానీ దాని సామాన్ల ధర పడిపోదు. 2013లో ఆ ఫార్చ్యూనర్ షోరూమ్ నుంచి బయటకి వచ్చినప్పుడు ఇరవై లక్షలు దాటిన బండి. ఇవాళ మీకు పదిన్నరకి వస్తోంది. కానీ దాని టైరు, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బరు, ఇంజెక్టరు, ఇవన్నీ ఇప్పటికీ ఇరవై లక్షల బండి సామాన్లే. మీరు పది లక్షల బండి కొన్నాననుకుంటారు, బిల్లు మాత్రం ఇరవై లక్షల బండికి వచ్చినట్టే వస్తుంది, పైగా వయసు మీద పడింది కాబట్టి ఇంకా తొందర తొందరగా వస్తుంది.

ఒక్కొక్కటి చూద్దాం. ఫార్చ్యూనర్ టైరు సైజు 265/65 ఆర్17. క్రెటా పై వేరియంట్లకి 215/60 ఆర్17. చక్రం సైజు రెండింటికీ పదిహేడు అంగుళాలే అయినా వెడల్పులో, బరువులో తేడా ఉంది, మంచి కంపెనీ టైర్లు నాలుగు వేయాలంటే ఫార్చ్యూనర్‌కి యాభై వేలు దాటిపోతుంది, క్రెటాకి నలభై లోపు సర్దుకోవచ్చు. ఇంజిన్ ఆయిలు ఫార్చ్యూనర్‌కి ఏడు లీటర్ల దాకా పడుతుంది, క్రెటాకి ఐదు లీటర్ల చిల్లర. ఫోర్ బై ఫోర్ కాబట్టి ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిన్ బలాన్ని చక్రాలకి పంచే గేరు పెట్టెలు, వీటి ఆయిళ్లు వేరే. క్రెటాలో ఆ గొడవే లేదు, ముందు చక్రాలే లాగుతాయి.

మీ ప్రశ్న కింద ఎవరో "ఫార్చ్యూనర్ ఇంజిన్ మూడు లక్షల కిలోమీటర్లు కళ్లు మూసుకుని పోతుంది" అని రాశారు. పోతుంది, నేనూ చూశాను. కానీ కళ్లు మూసుకుంటే పోదు. ఆ మూడు లీటర్ల ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది, అంటే వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా నడిపించే బెల్టు, చెయిన్ కాదు. దాన్ని లక్షన్నర కిలోమీటర్లకి మార్చాలి. మీరు చూసిన బండి 1,72,000 తిరిగింది, అంటే మార్చేసి ఉండాలి. మార్చిన బిల్లు ఉందా? మీటర్ మీద బెల్టు లైటు వెలగడం లేదు కదా అని అమ్మేవాళ్లు చూపిస్తారు, ఆ లైటు రీసెట్ చేయడం ఏ మెకానిక్‌కైనా తెలుసు, బెల్టు మార్చకుండానే ఆర్పేయొచ్చు. ఆ బెల్టు రోడ్డు మీద తెగితే వాల్వులు పోయి పిస్టన్లకి తగులుతాయి, అంటే ఇంజిన్ విప్పాల్సిందే. కాబట్టి బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదు అనే లెక్క వేసుకోండి, కొన్న వారంలోనే బెల్టు, టెన్షనరు, పనిలో పనిగా వాటర్ పంపు మార్పించండి, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. క్రెటా 1.6 డీజిల్‌కి టైమింగ్ చెయిన్, ఆయిల్ టైముకి మారుస్తూ వచ్చి ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంజెక్టర్లు ఇంకొకటి. రెండూ కామన్ రైల్ ఇంజిన్లే, అంటే ఇంజెక్టర్లు డీజిల్‌ని బాగా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్ముతాయి, రెండింటికీ మంచి డీజిల్ కావాలి. ఫార్చ్యూనర్ మూడు లీటర్ల ఇంజిన్‌లో ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు ఉంటాయి, అవి లీకయితే మసి ఆయిల్లోకి దిగి అడుగున ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. వినడానికి చిన్న వాషరే. ఇంజెక్టర్లు నాలుగూ కొత్తవి వేయాల్సి వస్తే లక్ష దాటుతుంది. క్రెటాకి కూడా ఇంజెక్టర్లు చౌకేమీ కాదు, కాకపోతే 68,000 దగ్గర ఆ అవసరం వచ్చే అవకాశం తక్కువ.

డీజిల్ లెక్క కూడా చెప్తాను, ఇది ఎవరూ ముందు వేసుకోరు. ఫార్చ్యూనర్ మన రోడ్ల మీద లీటరుకి తొమ్మిది నుంచి పదకొండు ఇస్తుంది, పది అనుకుందాం. క్రెటా పదిహేను నుంచి పద్దెనిమిది, పదహారు అనుకుందాం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే ఒకదానికి 1,500 లీటర్లు, రెండోదానికి 940 లీటర్లు. 560 లీటర్ల తేడా, లీటరు 97 రూపాయల లెక్కన ఏడాదికి యాభై నాలుగు వేల పైచిలుకు. రొయ్యకి రేటు ఉన్న సంవత్సరం ఇది కనిపించదు. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి చెరువు పోయిన పంటకి మాత్రం బాగా కనిపిస్తుంది, మీకు నేను చెప్పేదేముంది.

ఇన్సూరెన్స్‌లో ఒక తమాషా ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం 1,500 సీసీ దాటిన కార్లన్నింటికీ ఒకటే, 2022లో పెట్టిన రేటు ప్రకారం 7,897 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ సంగతి వేరు. అంటే 1,582 సీసీ క్రెటాకీ అదే, 2,982 సీసీ ఫార్చ్యూనర్‌కీ అదే. తేడా వచ్చేది సొంత డ్యామేజీ దగ్గర, అంటే మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం దగ్గర. అంత పాత బండికి జీరో డిప్రిసియేషన్ పాలసీ (సామాన్ల అరుగుదల కోత లేకుండా ఇచ్చేది) దొరకడం కష్టం, దొరక్కపోతే చిన్న బంపరు తగిలినా ప్లాస్టిక్ సామాన్లలో సగం మీ జేబులోంచే. ఏడేళ్లు ఎనిమిదేళ్ల బండికి కూడా అన్ని కంపెనీలూ ఇవ్వవు, కాబట్టి క్రెటాకి కూడా కొనేముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఆర్‌సీ గడువు. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. 2013 బండికి 2028లో అయిపోతుంది, 2019 బండికి 2034 దాకా ఉంటుంది. పదేళ్ల డీజిల్ బండ్లు తీసేస్తారంట కదా అని మీరు భయపడ్డారు, అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మన దగ్గర పదిహేనేళ్లయ్యాక బండి చూపించి ఫిట్‌నెస్ తెచ్చుకుంటే ఐదేళ్లకి రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000, ఆలస్యమైతే నెలకి 500 చొప్పున జరిమానా, గ్రీన్ ట్యాక్స్ అదనం. పెద్ద ఖర్చు కాదు. కానీ మీరు మూడేళ్లు వాడి అమ్మాలనుకుంటే సరిగ్గా ఆ గడువు దగ్గరే అమ్మకానికి పెడతారు, కొనేవాడు అదే పట్టుకుని రేటు కొట్టేస్తాడు. లోన్ తీసుకుంటున్నారా చెప్పలేదు. తీసుకునేట్టయితే ఫైనాన్స్ వాళ్లని ముందే కదపండి, చాలామంది బండి వయసూ లోన్ కాలమూ కలిపి చూసుకుంటారు, 2013 బండికి ఇచ్చినా తక్కువ ఇస్తారు, వడ్డీ ఎక్కువ వేస్తారు.

ఇంతవరకు డబ్బు సంగతి. సైజు సంగతికి వద్దాం, ఎందుకంటే మీ మనసు ఫార్చ్యూనర్ మీదికి పోయింది దానివల్లే.

ఫార్చ్యూనర్ పొడవు 4.7 మీటర్లు, క్రెటా 4.27. బరువులో అర టన్నుకి పైగా తేడా. నేల నుంచి ఎత్తు ఫార్చ్యూనర్‌కి 220 మిల్లీమీటర్లు, క్రెటాకి 190. హైవే మీద తంగుటూరు టోల్ దాటాక ఖాళీ రోడ్డులో ఫార్చ్యూనర్ నడిపితే ఆ సుఖమే వేరు, కాదనను. కానీ మీ నాయనకి మోకాళ్ల నొప్పులని రాశారు. ఫార్చ్యూనర్ ఛాసిస్ మీద కట్టిన బండి, లోపలి నేల బాగా ఎత్తు, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి హ్యాండిల్ పట్టుకుని పైకి లాక్కోవాలి. క్రెటాలో సీటు నడుం ఎత్తులో ఉంటుంది, పక్కకి తిరిగి కూర్చుంటే చాలు. ఎక్కడం దిగడం పెద్దవాళ్ల చేత ఒకసారి చేయించి చూడకుండా బండి కొనొద్దు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇది మర్చిపోతారు, ఇంటికి బండి వచ్చాక అమ్మ కోసం ప్లాస్టిక్ స్టూలు డిక్కీలో వేసుకుని తిరుగుతుంటారు.

ఏడు సీట్లు కదా అంటారు. ఆ మూడో వరస మీరు ఏడాదికి ఎన్నిసార్లు వాడతారు? మీరే రాశారు, సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చినప్పుడు, పెంచలకోనకి పోయినప్పుడు అని. పాత ఫార్చ్యూనర్ మూడో వరస సీట్లు పక్కకి మడిచి పైకి కట్టేసేవి, అవి దించి కూర్చుంటే మోకాళ్లు గడ్డం దగ్గరికి వస్తాయి, పిల్లలకైతే సరే. అవి దించాక సామాన్లు పెట్టడానికి పెద్దగా చోటు మిగలదు. ఏడాదికి ఆ నాలుగు రోజులు డ్రైవరుతో సహా ఇన్నోవా మాట్లాడుకోండి, పైన చెప్పిన డీజిల్ తేడా డబ్బుల్లో సగం కూడా కాదు, పైగా మీరు కూడా వెనక కూర్చుని నిద్రపోవచ్చు.

చెరువు గట్ల గురించి విడిగా చెప్పాలి. ఫోర్ బై ఫోర్ కావాలని మీరనడానికి కారణం అదే కదా. నేను చూసినంతలో ఆక్వా రైతుల్లో పెద్ద బండి ఉన్నవాళ్లు కూడా వానాకాలం గట్టు మీదికి దాన్ని ఎక్కించరు, రోడ్డు మీద ఆపి బైకు మీద పోతారు. గట్టు సన్నగా ఉంటుంది, ఎదురుగా మేత ఆటో వస్తే తిప్పుకునే చోటు ఉండదు, తడిసిన ఒండ్రు మట్టిలో రెండు టన్నుల బండి దిగబడితే ఫోర్ బై ఫోర్ ఉన్నా రోడ్డు టైర్లతో పైకి రాదు, ట్రాక్టరు రావాల్సిందే. బురదలో బండిని కాపాడేది ముందు టైరు, తర్వాత బరువు, ఆ తర్వాతే ఫోర్ బై ఫోర్. అదీగాక 2012 నుంచి ఫార్చ్యూనర్‌లో రెండు చక్రాలు లాగే మోడలు కూడా వచ్చింది, డోరు మీద స్టిక్కర్ చూసి నమ్మకండి, లోపల గేరు పక్కన ట్రాన్స్‌ఫర్ లివరు ఉందా లేదా చూడండి, లో రేంజిలో, అంటే బురదకి వాడే నెమ్మది గేర్లలో వేసి, డిఫరెన్షియల్ లాక్ చేసి ఒక ఇరవై అడుగులు నడిపించండి. ఏళ్ల తరబడి వాడని లివరు బిగుసుకుపోయి కదలకుండా ఉన్న బండ్లు చాలా వచ్చాయి మా దగ్గరికి.

సముద్రం పక్క వాడకంలో అసలు శత్రువు ఉప్పు. కొత్తపట్నం వైపు నుంచి ఒక రొయ్యల రైతు క్రెటా తెస్తుంటాడు, బండి పైనంతా అద్దంలా ఉంటుంది, కిందికి పోయి చూస్తే లోయర్ ఆర్మ్ బోల్టులు, సైలెన్సర్ బ్రాకెట్లు, వైర్ల కనెక్టర్లు తుప్పు. ఆయన చెరువు నీళ్లలో తడిసిన డ్రమ్ములు, వలలు డిక్కీలో వేస్తాడు, ఆ నీళ్లు కారి స్టెప్నీ గుంటలో నిలుస్తాయి. మీరు ఏ బండి కొన్నా చెరువు సామాన్లు అందులో వేయకండి, పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కింద భాగం కడిగించండి, బోరు ఉప్పునీళ్లు అయితే కడగకపోవడమే నయం. ఫార్చ్యూనర్‌కి ఛాసిస్ ఉంది కదా తుప్పు పట్టినా పర్లేదు అనే మాట కూడా వింటుంటాను. అది తప్పు. ఛాసిస్ లోపల డొల్లగా ఉంటుంది, ఉప్పు మట్టి అందులో చేరితే బయటికి కనిపించకుండా లోపలి నుంచి తినేస్తుంది. చిన్న సుత్తితో తట్టి చూడాలి, గణగణమంటే మంచిది, మొద్దుగా శబ్దం వస్తే అనుమానించాలి.

క్వారీ బండి గురించి. చీమకుర్తి బండి అనగానే కొందరు భయపడతారు, కొందరు ఓనరు డబ్బున్నవాడు కాబట్టి బాగా చూసుకుని ఉంటాడంటారు. రెండూ నిజమే కావొచ్చు. మా దగ్గరికి ఒక గ్రానైట్ కాంట్రాక్టర్ ఫార్చ్యూనర్ వస్తుంది, రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజిన్ శబ్దం వింటే కొత్త బండి అంటారు, ఎందుకంటే ఆయన ఎయిర్ ఫిల్టరు ప్రతి నెలా విప్పి చూపిస్తాడు, ప్రతి బిల్లూ ఒక ఫైల్లో పెడతాడు. అదే రాతి దుమ్ములో తిరిగి ఫిల్టరు పట్టించుకోని బండికి టర్బో రెక్కలు అరిగిపోయి, పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ తాగుతూ ఉంటుంది. మీరు చూసే బండిలో ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పి, ఫిల్టరు తీసి, ఫిల్టరుకి అవతల వైపు, అంటే ఇంజిన్ వైపు పైపులో వేలు పెట్టి రుద్దండి. సన్నటి బూడిద పొడి అంటిందంటే ఆ ఇంజిన్ రాతి పొడి తిన్నట్టే, అక్కడి నుంచే నమస్కారం పెట్టి వచ్చేయండి.

క్రెటా తీసుకోమన్నాను కదా అని దాన్ని గుడ్డిగా తీసుకోమని కాదు. అది నెల్లూరు బండి, 2019ది. 2021 నవంబర్‌లో పెన్నకి వరద వచ్చినప్పుడు భగత్‌సింగ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ హైవే కూడా కోసుకుపోయాయి, గుర్తుండే ఉంటుంది. ఆ వారం తర్వాత గ్యారేజీలన్నీ మునిగిన బండ్లే. వాటిలో చాలా వరకు బాగుచేసి, సీట్లు ఉతికించి, సెంటు కొట్టి అమ్మేశారు. చెన్నైలో 2015 డిసెంబర్‌లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో మునిగిన బండ్లు కూడా మన వైపు తిరిగి వస్తుంటాయి. మునిగిన బండి ఎంత చౌకైనా వద్దు. ఇంజిన్ బాగుచేయొచ్చు, వైరింగ్‌లో దూరిన తేమ మాత్రం ఏళ్ల తర్వాత కూడా ఒక్కో వానాకాలం ఒక్కో జబ్బు బయటపెడుతుంది.

ఎట్లా పట్టుకోవాలంటే, సీటు బెల్టు నాలుగూ చివరిదాకా లాగి చూడండి, మునిగిన చోట గీత పెట్టినట్టు రంగు మారి ఉంటుంది. ముందు సీటు వెనక్కి జరిపి కింద పట్టాల బోల్టులు చూడండి, ఏసీ కారు లోపల బోల్టుకి తుప్పు ఎందుకు పడుతుంది? కార్పెట్ అంచు పైకి లేపి వేలు పెట్టండి, స్టెప్నీ తీసి గుంట చూడండి, ఒండ్రు మట్టి మూలల్లో ఎప్పటికీ పూర్తిగా పోదు. హెడ్‌లైట్ లోపల చెమ్మ మచ్చ ఉందేమో చూడండి. ఆ వరద నెలల్లో ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా పడిందా అని పాత పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూస్తే తెలిసిపోతుంది, వరుసగా పెరుగుతూ వచ్చి 2022లో సున్నా అయిందంటే ఎందుకయిందో అడగండి.

రీడింగ్ విషయం. 68,000 అని మీటర్ చెప్తుంది. అమ్మేవాడు "డాక్టరు గారి బండి, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు" అని చెప్తాడు. నెల్లూరులో అమ్ముడుపోయే ప్రతి సెకండ్ హ్యాండ్ బండీ డాక్టరు గారిదే, ఇంతమంది డాక్టర్లు యాడున్నారో నాకు అర్థం కాదు. మీరు చేయాల్సింది, ఓనరు చేత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ ఇప్పించి పాత సర్వీసుల తేదీలు, అప్పటి రీడింగులు తెప్పించుకోవడం. 2022లో 60,000 ఉండి ఇప్పుడు 68,000 ఉంటే ఏదో జరిగింది. అది కుదరకపోతే క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చెయ్యి ఆనే చోటు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు చూడండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. 68,000కి మొదటి సెట్టు అరిగి రెండో సెట్టు నడుస్తూ ఉండాలి, మూడో సెట్టు కనిపిస్తే మీటర్ మీద అనుమానం పెట్టుకోండి. ఇవే పరీక్షలు ఫార్చ్యూనర్‌కీ చేయండి, 1,72,000 అన్నది నిజంగా 2,72,000 అయినా నేను ఆశ్చర్యపోను.

రెండు బండ్లకీ పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే టీ తాగి రెండు గంటలాగి చూడండి, లేదా మర్నాడు రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు తెల్ల పొగ వచ్చి ఆగకుండా వస్తూనే ఉంటే ఇంజెక్టర్లు, నీలం పొగ అయితే ఆయిల్. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే ఊపిరి కొట్టినట్టు పొగ ఎగదన్నితే రింగులు. క్రెటాలో క్లచ్ గట్టిగా ఉందా, మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తూ బండి కదలకుండా ఉందా చూడండి, టౌన్ బండికి ముందు పోయేది క్లచ్చే.

కాగితాలు తొందరగా చెప్పేస్తా. 2019 మొదట్లో మన రాష్ట్రంలో అన్ని జిల్లాలకీ ఏపీ39 ఒక్కటే పెట్టారు, అంతకుముందు నెల్లూరుకి ఏపీ26, ప్రకాశానికి ఏపీ27. కాబట్టి క్రెటా నంబర్ ఏపీ39 అయితే నంబర్ చూసి నెల్లూరు బండని నమ్మకండి, ఆర్‌సీ మీద అడ్రస్ చూడండి. పరివాహన్ యాప్‌లో ఫైనాన్స్ బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తుంటే ఫారం 35 (లోన్ తీరిపోయిందనే కాగితం), బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి వచ్చాకే మిగతా డబ్బు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకం మీ కళ్లముందు పెట్టించుకోండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించండి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. చలాన్లు తమిళనాడువి కూడా చూడండి.

ఫార్చ్యూనరే కావాలని పట్టు మీదుంటే అది కూడా చెప్తాను, ఎందుకంటే విలువ అన్నది చిన్న మాట కాదు, చెరువు లీజు మాట్లాడటానికి పోయినప్పుడు బండి చూసి కుర్చీ వేసేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అట్లాంటప్పుడు పదిన్నరకి వద్దు. బెల్టు బిల్లు లేకపోతే దాని ఖర్చు, టైర్లు సగం అరిగి ఉంటే కొత్త సెట్టు, ముందు సస్పెన్షన్ బుష్షులు, క్లచ్ ఎట్లా ఉందో చూసి దాని ఖర్చు, అన్నీ కాగితం మీద రాసి అమ్మేవాడి ముందు పెట్టండి. తొమ్మిది పైన ఒక్క రూపాయి కూడా నేనైతే పెట్టను, అదీ బండి కింద భాగం, 2028 ఆర్‌సీ గడువు చూసుకునే. కోవూరు రైసు మిల్లు ఆయన ఒకాయన ఇట్లాంటి బండే సరదాకి కొన్నాడు, మొదటి ఏడాది బెల్టు, టైర్లు, క్లచ్, రెండు షాకులు, ఏసీ కంప్రెసరు, కలిపి రెండు లక్షలు దాటింది. ఆయన బాధపడలేదు, మిల్లుంది. ఆ తర్వాత రెండేళ్లు చుక్క ఖర్చు రాలేదు కూడా. మీరు ఆ మొదటి ఏడాది ఖర్చుని పంట పెట్టుబడిలోంచి తీయాల్సి వస్తుందా లేదా అన్నది మీకే తెలుసు.

క్రెటా బేరం తొమ్మిది ముప్పావు దగ్గర మొదలైంది కాబట్టి తొమ్మిది లోపలే అడగడం మొదలుపెట్టండి, సర్వీస్ రికార్డు శుభ్రంగా ఉండి, మునిగిన ఆనవాళ్లు లేకపోతే తొమ్మిది పావు దాకా పోవచ్చు. మిగిలిన డబ్బుతో ముందు అన్ని ఆయిళ్లూ, అన్ని ఫిల్టర్లూ, బ్రేక్ ప్యాడ్లూ మార్పించి, కింద భాగానికి తుప్పు పట్టకుండా కోటింగ్ కొట్టించండి. చూడటానికి వెళ్లే ముందు ఆర్‌సీ ఫోటో, టైర్ల మీద అంకెల ఫోటో, సీటు కింద బోల్టుల ఫోటో ఇక్కడ పెట్టండి, నంబరూ పేరూ అడ్రసూ కనపడకుండా చెరిపేసి పెట్టండి. చూసి చెప్తాను.